బిడ్డ తన రక్తం తానే చేసుకుంటుంది

పోయిన వారం పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. మా జువాలజీ మేడం పోయారు. "రాత్రి అన్నం తిని పండుకునిందమ్మా, పొద్దున లేయలా" అన్నాడు ఆమె తమ్ముడు. నేను పులివెందులలో పిల్లలకు సైన్సు చెప్పే టీచరును. బడికి బయల్దేరినదాన్ని అట్లే బస్టాండుకు పోయి ప్రొద్దుటూరు బస్సెక్కాను. సీట్లో కూర్చోగానే ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు సరికదా, నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే పక్కనున్నామె జరిగి కూర్చుంది. ఏం చేసేది, ఆ దారంటా మేడంతో బకెట్ తెచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలి.

మేడంది ప్రొద్దుటూరే. బట్టల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టారు, పెళ్లి చేసుకోలేదు. రోజూ బస్సులో జమ్మలమడుగు వచ్చి, బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిని, నేరుగా కాలేజీకి వచ్చేవారు. పొట్టి మనిషి, బోర్డు పైభాగం అందేది కాదు, కుర్చీ ఎక్కి గీసేవారు. కళ్లజోడు పెట్టెలో కళ్లజోడు ఉండేది కాదు, మూడు రంగుల సుద్దముక్కలు ఉండేవి. పిండంలో మొదట ఏర్పడే మూడు పొరల్లో పైదానికి నీలం, నడిమిదానికి ఎరుపు, లోపలిదానికి పసుపు. నీలం నుంచి చర్మం, మెదడు వస్తాయి. ఎరుపు నుంచి గుండె, ఎముక, రక్తం. పసుపు నుంచి పేగులు, కాలేయం. పీరియడ్ అయ్యేసరికి మేడం ముక్కు మీద మూడు రంగులూ ఉండేవి. మేము చెప్పేవాళ్లం కాదు, చూసి సంతోషపడేవాళ్లం.

అవి ఫ్యాక్షన్ ముదిరిన రోజులు. మా తరగతిలో ఈ పక్క బెంచీలు ఒక పార్టీ ఊళ్ల పిల్లలవి, ఆ పక్కవి ఇంకో పార్టీ ఊళ్లవాళ్లవి. యాడో ఒక తల తెగితే మరుసటి రోజు ఒక పక్క బెంచీలన్నీ ఖాళీ. మేడం దాని గురించి ఒక్క మాట ఎత్తేవారు కాదు. ఆమెకు చెప్పడానికి అంతకంటే గొప్ప సంగతులు ఉండేవి. వేసవి సెలవుల్లో తిరుపతి పోయి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని చదువుకొచ్చేవారు. ఒక ఏడాది సెలవులు అయిపోయిన మొదటి రోజే, హాజరు కూడా పిలవకుండా, "రే, ఈగకు తల యాడ పెట్టాల, తోక యాడ పెట్టాల అని చెప్పే జన్యువులూ, గొర్రెకు చెప్పే జన్యువులూ ఒకే తీరంట రా. వాటి వరస గూడా అదేనంట. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు" అన్నారు. మాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ ఆమె మొహం చూశాక మాకూ నిద్ర పట్టేటట్టు లేదు.

ఒకే కణం నుంచి ఇన్ని రకాల కణాలు ఎట్లా వస్తాయనే పాఠం దగ్గరికి వస్తే పుస్తకం మూసేసి ప్రొద్దుటూరు బజారు తెరిచేవారు. "ఒక వీధి నిండా అంగళ్లున్నాయనుకో. అన్నిట్లోనూ ఒకే సరుకు. బంగారముంది, బట్టలున్నాయి, బియ్యముంది. అయితే ఒకడు బంగారం షట్టరే లేపినాడు, ఇంకొకడు బట్టల షట్టరే లేపినాడు. కంటి కణంలోనూ కాలేయం కణంలోనూ ఉండే జన్యువులు అవే. ఏ షట్టరు లేసింది, ఏది దిగింది, అంతే తేడా."

"ఏది లేపల్లో ఎవరు చెప్తారు మేడం?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

"పక్కంగడోడు" అన్నారు మేడం. "పక్క కణం కబురు పంపుతుంది. ఆ కబురు లోపలికి పోయి తాళం తీస్తుంది, లేకుంటే వేస్తుంది. పిండంలో పెద్దరికం ఎవరికీ లేదు రా. అంతా ఇరుగూ పొరుగే." కొన్ని తాళాలు ఒకసారి పడితే కణం రెండుగా చీలినా రెండింటికీ అవే తాళాలు వస్తాయని కూడా చెప్పారు. రోజూ బంద్‌లు చూసేవాళ్లం గనుక ఆ ముక్క మాకు ఇట్టే ఎక్కింది.

నేను గొర్రెల కాపర్ల ఇంటిదాన్ని. మాది సింహాద్రిపురం దగ్గర ఒక పల్లె. నాయన నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ, అన్న, వదిన. నేను జమ్మలమడుగులో హాస్టల్లో ఉండేదాన్ని. అన్న గొర్రెలను అమ్మకు వదిలేసి ఊరి పెద్దాయన జీపులో తిరిగేవాడు. పార్టీ ఆయనది, జీపు ఆయనది, ముందు సీటూ ఆయనదే. వెనక నిలబడే ప్రాణాలు మాత్రం మాలాంటి ఇళ్లవి.

ఇక బకెట్ సంగతి. పులివెందుల పశువుల ఆసుపత్రిలో ఒక చూడి గొర్రె చచ్చిపోతే, దాని కడుపులోని పిండాన్ని తీసి పెట్టానని అక్కడి డాక్టరు కబురు పంపాడు. మేడం నన్ను వెంటబెట్టుకుని పోయారు. ఆయన ఇంకో రెండు మూడు కూడా దాచిపెట్టి ఉంచాడు. మందు నీళ్లలో పిండాలున్న గాజు సీసాలవి. బస్సు కుదుపులకు పగలకుండా బకెట్లో రంపపు పొట్టు పోసి, సీసాలు అందులో కూర్చి, పైన గుడ్డ కప్పాము. మా వైపు నాటుబాంబులు కూడా సరిగ్గా ఇట్లాగే ప్రయాణం చేస్తాయి. మేడంకు అది తట్టలేదు. నాకు తట్టింది గానీ చెప్పడానికి నోరు రాలేదు. అదే బస్సులో మా అన్న కూడా ఎక్కాడు, జమ్మలమడుగులో పార్టీ పని ఉందని. మేడంకు నమస్కారం పెట్టి వెనక సీట్లోకి పోయాడు.

ముద్దనూరు రాకముందు ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. పక్కనున్న పంచెకట్టు ఆయన తూలి బకెట్ మీద కాలు పెట్టబోయాడు. మేడం గబుక్కున ఆయన మోకాలు పట్టుకుని, "కదిలీయొద్దప్పా, పగిలితే అన్నీ పోతాయి" అన్నారు. ఆయన గుడ్డ పక్కనుంచి రాలిన రంపపు పొట్టు చూశాడు. మేడం మొహం చూశాడు. అంతే, "దిగండ్రప్పో" అని ఒక్క కేక పెట్టాడు. ఆ రోజు నేను చూసిన వేగం మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ముసలివాళ్లు కిటికీల్లోంచి దిగారు. కండక్టరు విజిల్ వేసి మరీ దూకాడు. డ్రైవరు ఇంజను ఆపకుండానే తన పక్క తలుపు తీసి మాయమయ్యాడు. బస్సులో మేడం, నేను, బకెట్ మిగిలాము. వెనక సీట్లో మా అన్న.

అన్న నిదానంగా లేచి వచ్చి గుడ్డ ఎత్తి చూశాడు. "ఇవి అవి గావులే. వాటికి పొట్టు ఇంగా ఒత్తుగా పోస్తారు" అన్నాడు. బస్సంతా దూకినప్పుడు భయపడనిదాన్ని, ఆ మాటకు భయపడ్డాను. మేడం మాత్రం అదేమీ పట్టించుకోలేదు. ఒక మనిషి తన బకెట్లోకి తొంగి చూశాడు, ఆమెకు అది చాలు. సీసా తీసి వెలుతురుకు ఎత్తారు. లోపల చెనక్కాయ గింజంత పిండం. "చూడు నాయనా, ఈ ఉబ్బే గుండె. ఇవి రెండూ ముందుకాళ్లు అవుతాయి, ఇప్పుడు మొగ్గలే. ఈ నల్ల చుక్క కన్ను. దీన్ని చూస్తే గొర్రెదో మనిషిదో చెప్పడం నాకే కష్టం."

అన్న ఆ సీసాను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "మా ఇంటిది గూడా నీళ్లోసుకునింది మేడం. ఇట్లే ఉంటాదా?"

"ఇంత కాలానికి ఇట్లే, ఇంతే" అన్నారు మేడం. అన్న నవ్వాడు. అన్న అట్లా నవ్వడం ఆ తర్వాత నేను చూడలేదు గనుక, ఆ నవ్వే నాకు మిగిలింది. కింద దిగినవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. మేడం బస్సు మెట్టు మీద నిలబడి, రోడ్డు పక్కనే పాఠం మొదలుపెట్టారు. పంచెకట్టు ఆయనకు గుండె చూపించారు. డ్రైవరుకు కళ్లు చూపించారు. ఒక ముసలామె సీసాకు దండం పెట్టుకుంది. ఎండ మాడిపోతోంది, ఎవరికీ ఊరికి పోవాలన్న ధ్యాస లేదు.

నెల తిరగకముందే పెద్దాయన జీపు మీద బాంబులు పడ్డాయి. పెద్దాయన ఆ పొద్దు జీపులో లేడు. మా అన్న ఉన్నాడు.

అన్న ఒంటి మీది నెత్తుటి చొక్కాను అమ్మ ఉతకనివ్వలేదు, కాల్చనివ్వలేదు. మడిచి పెట్టెలో పెట్టింది. "పురిటి స్నానం నాడు బిడ్డను దీనిమీదే పండబెడతా" అని అందరి ముందూ మొక్కుకుంది. మగపిల్లవాడైతే వాడే పగ తీర్చాలి, ఆడపిల్ల అయితే వచ్చే అల్లుడు తీర్చాలి. అట్లా చేసిన ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి. ఆ బిడ్డలు ఎట్లా పెరిగారో, ఎట్లా పోయారో కూడా మేము చూశాము. వదిన గోడకు ఆనుకుని కడుపు మీద చేయి పెట్టుకుని కూర్చునేది. కడుపులో ఉన్నదానికి కాళ్లూ చేతులూ ఇంకా సరిగ్గా రాలేదు, అప్పుడే దానికి ఒక చావు రాసిపెట్టారు. ఏ చావో మాత్రమే తెలియాలి, చంపడమా, చచ్చిపోవడమా.

మేడం పరామర్శకు మా ఊరు వచ్చారు. అమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, వదిన కడుపు చూపించి, "వాని రక్తం ఈడుంది మేడమ్మా. అదే పోయి అడుగుతాది" అంది.

ఇంకెవరైనా అయితే తల ఊపి ఊరుకునేవారు. మేడంకు తప్పు జవాబు వింటే ఊరుకోవడం చేతకాదు, పరీక్షైనా పరామర్శైనా ఒకటే. "లేదమ్మా. తండ్రి రక్తం ఒక్క చుక్క గూడా బిడ్డకు రాదు" అన్నారు.

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వదిన మొహం పాలిపోయింది. అమ్మ లేచి నిలబడింది. "ఏం మాట మాట్లాడ్తాండావమ్మా? నా కొడుకు రక్తం గాకుంటే ఎవుని రక్తం? నా కోడలు అట్లాంటిదా?" అమ్మ చేతిలో చెంబు ఉంది. అది మేడం తలమీద పడుతుందని నేను మధ్యలోకి ఉరికాను.

మేడంకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లెంపలు వేసుకున్నారు. వదిన చేయి పట్టుకుని "నన్ను క్షమించు తల్లీ" అని, అమ్మ వైపు తిరిగారు. "నువ్వు గొర్రెలను ఈనించినదానివి గదా. మాయ పడినప్పుడు దానిమీద గుండీల మాదిరి ఉంటాయి, చూసినావా లేదా?"

"చూడకేం, నా బతుకంతా అదే గదా" అంది అమ్మ, చెంబు దించకుండానే.

"ఆ గుండీల కాడ ఒక పక్క తల్లి రక్తం, ఇంకో పక్క పిల్ల రక్తం. నడమ పల్చటి గోడ. కూడు దాటుతుంది, గాలి దాటుతుంది. రక్తం దాటదు. మోసే తల్లి రక్తమే కలవదంటే, ఇంగ తండ్రిది యాడ కలుస్తుంది?"

"మరి పొట్టేలు మచ్చ పిల్లకెట్లొస్తాది?"

"అట్ల అడుగు" అన్నారు మేడం, కళ్లు మెరుస్తుంటే. "పొట్టేలు ఇచ్చేది రక్తం గాదు. ఎట్ల చేసుకోవాల్నో చెప్పే సగం మాట. ఇంకో సగం గొర్రె చెప్తుంది. ఆ రెండు మాటలూ విని రక్తం పిల్లే చేసుకుంటుంది. మొదట పక్కనుండే చిన్న సంచిలో చేసుకుంటుంది. ఆ తర్వాత కాలేయంలో. ఆ తర్వాత ఎముకల్లో. ఇప్పుడు మీ కోడలి కడుపులో జరిగే పని అదే. కొత్త రక్తం తల్లీ. ఇంతవరకు ఎవరూ వాడని రక్తం."

అది చావింటి పరామర్శ అని మేడం పూర్తిగా మరిచిపోయారు. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసుకుని నేలమీద పిండాన్ని గీయడం మొదలుపెట్టారు. ఇది గుండె, ఇది వెన్ను, ఇది తల. ఆడవాళ్లందరూ చుట్టూ మూగారు. ఏడవడానికి వచ్చినవాళ్లు మోకాళ్ల మీద వంగి కళ్లు ఇంత చేసుకుని చూస్తున్నారు. అప్పుడు వదిన, అన్న పోయాక మొదటిసారి, నోరు తెరిచింది. "కన్ను యాడ రావాల్నో దానికెట్ల తెలుస్తాది మేడం?"

"పక్కనుండేవి చెప్తాయి" అన్నారు మేడం. "ఇంకో వింత చెప్తా విను. పిండంలో ఒక చోట ఉండే ముక్కను తీసి ఇంకో చోట అతికించి చూసినారు. తొందరగా తీసి పెడితే అది కొత్త చోటు మాట వింటుంది. పొట్ట తోలు కావాల్సింది మెదడు అవుతుంది. ఆలస్యమైతే యాడికి తీసకపోయినా పాత పాటే పాడుతుంది."

వదిన ఆ బొగ్గు బొమ్మను చూస్తూ కూర్చుంది. "తొందరంటే ఎంత తొందరగా మేడం?"

"తాళాలు పడకముందే" అన్నారు మేడం, బొమ్మకు తోక గీస్తూ.

వదిన కాన్పుకు ప్రొద్దుటూరు పోతానంది. పుట్టినిల్లు లేని మనిషి, యాడికి పోతుంది? మేడం ఇంటి మేడ మీది గదికి పోయింది. పెద్దాయన మనుషులు వచ్చి బిడ్డ మన ఊర్లోనే పుట్టాలన్నారు. "ఈడ ఆసుపత్రి యాడుందప్పా? ముందు అది కట్టమని చెప్పు మీ పెద్దాయనకు" అని అమ్మ వాళ్లను పంపించింది. ఎందుకు అట్లా అందో నాకు ఇప్పటికీ తెలియదు. మొక్కు మాత్రం విడవలేదు. తర్వాతి కాలంలో నేను ఎప్పుడైనా "మీరే కదా మేడం వదినను ఊరు దాటించింది" అంటే ఆమెకు కోపం వచ్చేది. "నేను కణాల సంగతి చెప్పినా. సంసారాల సంగతి నాకేం తెలుసు, పెండ్లి గూడా గానిదాన్ని" అనేవారు.

మగపిల్లవాడు పుట్టాడు. పురిటి స్నానం నాడు అమ్మ ఊరి నుంచి సంచితో వచ్చింది. సంచిలో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. వదిన బిడ్డను గుండెకు అదుముకుని మూలకు జరిగింది. నీళ్లు పోసి, తుడిచి, సాంబ్రాణి వేయడం అయింది. అమ్మ చొక్కా తీసి ఒడిలో పెట్టుకుంది.

"ఎవరూ వాడని రక్తమంటివే మేడమ్మా, అది నిజమేనా?"

"నిజమే తల్లీ. కావాలంటే పుస్తకం చూపిస్తా."

"పుస్తకమొద్దులే" అని అమ్మ బిడ్డ అరికాలును బొటనవేలితో ఒత్తింది. తెల్లబడింది. వేలు తీసింది. ఎరుపు మళ్లీ నిండింది. ఒత్తి, తీసి, ఇంకోసారి చూసుకుంది. ఆ తర్వాత చొక్కాను మడిచి తన కడుపు దగ్గర దోపుకుని, "ఇది నా కొడుకుది. వీనిది గాదు" అంది. అని, కొడుకు పోయిన రోజు కూడా ఏడవని మనిషి, గోడు గోడున ఏడ్చింది. మేడం తన పాత వాయిల్ చీర పరిచారు. దాని మీద బిడ్డను పడుకోబెట్టాము. అమ్మ పోయినప్పుడు ఆ చొక్కాను ఆమెతోనే మట్టిలో పెట్టాము.

వదిన ప్రొద్దుటూరులోనే ఉండిపోయింది, కుట్టుమిషను నేర్చుకుని జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకుంది. మా మేనల్లుడు ఆటోలు రిపేరు చేస్తాడు. మేడంకు వాడి మీద ఒకటే ఫిర్యాదు. "వీనికి గుండె ఎట్ల కొట్టుకుంటుందో చెప్తే, మైలేజీ ఎంత మేడం అంటాడు."

రిటైరయ్యాక కూడా ఆమెకు ఉద్రేకం తగ్గలేదు. ఒక రోజు నేను బడిలో ఉండగా ఫోను. ఏమైందోనని వరండాలోకి పరిగెత్తాను. "మీ వదినకు నేను తప్పు చెప్పినా" అన్నారు. "ముదిరిపోయిన తోలు కణాన్ని తీసుకుని, నాలుగు జన్యువులు తగిలిస్తే పడిన తాళాలన్నీ ఊడి మళ్లా పిండం కణం మాదిరి అవుతాందంట. ఆలస్యమైనా తెరవొచ్చంట. నేను చెప్తే ఆమెకు ఎక్కలా, నువ్వు చెప్పు, మరిచిపోవాకు." చదువు చెప్పేవాళ్లలో తాము తప్పు చెప్పామని ఇంత సంతోషపడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. వదినకు చెప్పాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "అట్నా" అని, "మంచిదేలే అందరికీ" అంది.

పోయిన వారం మేడం ఇంటి ముందు షామియానా కింద రెండు పార్టీల ఊళ్లవాళ్లూ కూర్చున్నారు. అందరికీ తలలు నెరిశాయి. చేతికర్రతో ఒక ముసలాయన కుర్చీలో ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. మా అన్న కేసులో ముద్దాయి. కేసు నిలబడలేదు, బయటికి వచ్చాడు. ఆయన కూతురు మేడం దగ్గర చదువుకుందట. మా మేనల్లుడు అందరికీ మంచినీళ్లు ఇస్తూ ఆయన దగ్గరికి పోయాడు. ముసలాయన గ్లాసు తీసుకుని, తల ఎత్తి, వాడి మొహం చూసి ఆగాడు. వాడిది అచ్చం మా అన్న మొహం.

"ఎవరి కొడుకువప్పా?"

మా సీమలో ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు మీద ప్రాణాలు పోయేవి. అరుగు మీద వదిన లేచి నిలబడింది.

"కుట్టుమిషను లక్ష్మమ్మ కొడుకునప్పా" అన్నాడు వాడు. "ఈ ఇంట్లోనే పెరిగినా."

ముసలాయన నీళ్లు తాగలేదు. గ్లాసు పట్టుకుని వాడినే చూస్తూ ఉన్నాడు. ఆయనకు తెలిసిపోయింది. వాడికి మాత్రం ఆయన ఎవరో తెలియదు. వదినా నేనూ వాడికి ఆ పేరు ఎన్నడూ చెప్పలేదు. ఇంతలో పాడె లేపుతున్నారని కేక వినిపించింది. ముసలాయన లేవబోయి లేవలేకపోయాడు. మా మేనల్లుడు ఆయన చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టాడు. కుర్చీ కిందికి వంగి, దూరంగా పోయిన చెప్పులు రెండూ వెతికి తెచ్చి, ఆయన కాళ్ల ముందు సరిగ్గా పెట్టాడు.